రసీదు

ఇజ్రాయెల్ వెళ్లిన కొత్తలో కబాలా అంటే రసీదు అనే అనుకున్నాను. నిజంగా రసీదే. మందుల షాపులో డబ్బు కట్టగానే కౌంటర్లో అమ్మాయి "కబాలా?" అని అడిగేది. నేను తలూపి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాణ్ని, నెలాఖరుకి ముసలాయన కూతురికి అన్నీ లెక్క చూపించాలి కదా. అదే మాటకి యూదుల ఆధ్యాత్మిక విద్య అనే ఇంకో అర్థం ఉందని, ఆ ఇంకో అర్థం కోసమే మా ముసలాయన రోజూ తెల్లవారుజామున మూడింటికి నన్ను లేపుతున్నాడని తెలియడానికి ఐదారు నెలలు పట్టింది. రెండిటికీ మూలం ఒకటే, పుచ్చుకోవడం.

మాది పశ్చిమ గోదావరి. ఆ దేశంలో ముసలివాళ్లని ఇంట్లోనే ఉండి చూసుకునే మా లాంటివాళ్లని మెతపెల్ అంటారు. ఏజెంటు, అప్పు, వీసా, ఆ కథ అందరిదీ ఒకటే కాబట్టి వదిలేస్తున్నా. నాకు దొరికిన ఇల్లు తెల్ అవీవ్ పక్కనే ఉండే బ్నే బ్రాక్‌లో. ఊరంతా నల్లకోట్లు, నల్లటోపీలు. శుక్రవారం పొద్దుగూకేసరికి వీధులకి అడ్డంగా బారికేడ్లు పెట్టేస్తారు, మళ్లీ శనివారం చీకటి పడేదాకా ఒక్క బండి తిరగదు. ముసలాయనకి 80 దాటాయి, పార్కిన్సన్స్, వీల్‌చైర్. ఆయన్ని సబా అని పిలిచేవాణ్ని, అంటే తాత. వాళ్ల ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు మరి.

మొదటి నెలంతా ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో నేర్చుకోవడంతోనే సరిపోయింది. వంటింట్లో రెండు సింకులు, పాలవి ఒకవైపు, మాంసానివి ఒకవైపు. మాంసం తిన్నాక ఆరు గంటల దాకా టీలో పాలు పోయకూడదు. స్టవ్ నేను వెలిగించకూడదు. యూదుడు కాని మనిషి మొదలుపెట్టి వండింది వాళ్లు తినరు, అందుకని సబా వీల్‌చైర్‌లో వంటింట్లోకి వచ్చి వణికే చేత్తో నాబ్ తిప్పి వెలిగించి వెళ్తే ఆ మంట మీద నేను వండేవాణ్ని. షబ్బాత్, అంటే ఆ శుక్రవారం రాత్రి నుంచి శనివారం దాకా ఉండే విశ్రాంతి రోజు, ఆ నాడు స్విచ్ ముట్టుకోరు, నన్ను వెయ్యమని నోటితో అడగనూ అడగరు. "ఈ గదిలో ఎంత ఉక్కపోతగా ఉందో" అని సబా గోడతో చెప్పేవాడు, నేను అర్థం చేసుకుని ఏసీ వెయ్యాలి. నవ్వొచ్చేది నాకు. మా ఊళ్లో కామందు గారి ఇంట్లో పెద్దావిడ మడి కట్టుకుని కర్రతో బట్టలు ఆరేసుకోవడం గుర్తొచ్చేది.

నవ్వు రానిది ఒకటి జరిగింది. ఒక శుక్రవారం రాత్రి కూతురు, అల్లుడు, మనవలు అందరూ వచ్చారు. ద్రాక్షారసం మీద ప్రార్థన చదివి షబ్బాత్‌ని మొదలుపెడతారు, దాన్ని కిద్దుష్ అంటారు. సబా చెయ్యి బాగా వణుకుతోందని నేనే చొరవ తీసుకుని, మూత తీసి ఉన్న సీసా ఎత్తి వెండి గిన్నెలో పోశాను. అల్లుడు ఆగిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. అతను గిన్నె తీసుకెళ్లి సింకులో ఒంపేశాడు, సీసా కూడా పక్కన పెట్టేసి కొత్తది తెరిచాడు. పిల్లలు నా వైపు చూశారు. తర్వాతి వారం నుంచి ఇంట్లోకి ఉడికించిన వైన్ రావడం మొదలైంది. యూదుడు కాని వాడి చెయ్యి తగిలిన వైన్ తాగకూడదట, ఉడికించినదైతే ఫరవాలేదట. పాతకాలంలో విగ్రహాలకి పోసే ద్రాక్షారసం భయంతో పెట్టిన నియమం అని మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఒకన్న చెప్పాడు. కావచ్చు. మా తాతకి టీ కొట్టు దగ్గర గ్లాసు వేరేగా ఉండేది, చూరులో పెట్టేవాళ్లు, ఆయనే తీసుకుని తాగి ఆయనే కడిగి పెట్టేవాడు. ఆ గ్లాసు నేను చూడలేదు, నాన్న చెప్పగా విన్నదే. ఆ రాత్రి సింకులో చప్పుడు వింటే మాత్రం చూసినట్టే అనిపించింది.

దక్షిణ తెల్ అవీవ్‌లో పాత బస్ స్టేషన్ దగ్గర మా తెలుగు ఫెలోషిప్ శనివారం జరుగుతుంది, ఆదివారం అక్కడ పని రోజు కాబట్టి. ఆ శనివారం వెళ్లి ఈ సంగతి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పాను, కొత్తవాళ్లు ఎవరొచ్చినా చెప్పాను. ప్రతిసారీ కొంచెం పెరిగింది కథ. మూడో నాలుగో చెప్పేసరికి అల్లుడు సీసాని విసిరికొట్టాడు కూడా.

ఇక తెల్లవారుజాము చదువు సంగతి. మూడింటికి లేపి, కడిగి, బట్టలు మార్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టి నల్ల టీ ఇవ్వాలి. ఇంకో ముసలాయన కర్ర పట్టుకుని వచ్చేవాడు, ఇద్దరూ కలిసి జోహర్ చదివేవాళ్లు. జోహర్ 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లో బయటికొచ్చిన అరమేయిక్ గ్రంథం. పండితులు మోషే దె లెయోన్ రాశాడంటారు, వీళ్లు మాత్రం రెండో శతాబ్దపు షిమోన్ బార్ యోహాయ్‌ది అంటారు. దానికి హీబ్రూలో అనువాదం, వ్యాఖ్యానం రాసినాయన యెహుదా అష్లాగ్. వార్సా నుంచి 1920ల మొదట్లో జెరూసలేం వచ్చి, 1954లో యోమ్ కిప్పుర్, అంటే వాళ్ల పెద్ద ఉపవాసం రోజునే చనిపోయాడు. ఆ వ్యాఖ్యానం పేరు సులాం, అంటే నిచ్చెన. సబా ఆయన కొడుకు బరూక్ అష్లాగ్ దగ్గర, 1991లో ఆయన పోయేదాకా చదువుకున్నాడు.

ఆ పుస్తకాలు సబా నాకు ఎప్పుడూ నేర్పలేదు, అది ముందే చెప్పాలి. అడిగితే "నోవహు పిల్లలకి, అంటే యూదులు కానివాళ్లకి, ఏడు ఆజ్ఞలు చాలు, నీకెందుకీ తలనొప్పి" అనేవాడు. ఇప్పుడు కబాలా పేరుతో ఇంటర్నెట్లో దొరికేదంతా, ఎర్రదారాలు, పేర్లకి అంకెలు, అదృష్టం, వాటిని ఆయన అసలు లెక్కలోకే తీసుకోడు. జెరూసలేంలో వాళ్లు ప్రార్థన చేసే పశ్చిమ గోడ దగ్గర ఒకడు నా చేతికి ఎర్రదారం కట్టి పది షెకెల్స్ తీసుకుంటే, మా ఇంటికి కూడా ఐదు కొని పంపాను. సబా నా మణికట్టు చూసి "నూలు గట్టిగా ఉంది" అన్నాడు. అంతే అన్నాడు.

కానీ నిద్రపట్టని రాత్రుళ్లు కాళ్లు పిసుకుతుంటే కబుర్లు చెప్పేవాడు. అష్లాగ్ అసలు చెప్పిందేమిటో ఆ కబుర్లలోనే నాకు తెలిసింది, నా వచ్చీరాని హీబ్రూలో పట్టుకున్నంత వరకు. మనిషిని చేసిన సరుకే పుచ్చుకోవాలనే కోరిక. అది పాపం కాదు, దాన్ని చంపే పని లేదు. ఎవరి కోసం పుచ్చుకుంటున్నావు అనేది ఒక్కటే మారాలి. ఆ మార్పునే తిక్కూన్ అంటారు, దిద్దుబాటు. ఈ మాటకి ఇంత బలం వచ్చింది 16వ శతాబ్దంలో సఫేద్ కొండ మీద ఐజాక్ లూరియా (1534-1572) వల్ల. లోకం మొదట్లో వెలుగుని పట్టలేక పాత్రలు పగిలిపోయాయని, ఆ ముక్కల్ని ఏరి బాగుచేయడమే మనుషుల పనని ఆయన చెప్పాడట. అష్లాగ్ ఆ పాత్ర ఎక్కడో ఆకాశంలో లేదు, నీ కోరికే ఆ పాత్ర అన్నాడు.

ఒక రాత్రి అతిథి కథ చెప్పాడు. ఒకాయన తనకి ఎంతో ఇష్టమైన మనిషి వస్తున్నాడని వాడికి నచ్చినవన్నీ చేయించి భోజనానికి కూర్చోమంటాడు. అతిథికి ఆకలి దంచేస్తోంది, అయినా వద్దంటాడు, ఊరికే తినడానికి సిగ్గు. ఆయన బతిమాలతాడు, నువ్వు తినకపోతే ఇంత చేసిందీ దండగే, నా మనసు కష్టపడుతుంది అంటాడు. అప్పుడు అతిథి, సరే, నీ సంతోషం కోసం తింటాను అని కూర్చుంటాడు. అన్నం అదే, ఆకలి అదే, నోరు అదే. కానీ ఇప్పుడు వాడు తినడం ఆయనకి పెట్టడం అయింది. హీబ్రూలో ఆ సిగ్గుకి ఏదో పొడుగు మాట చెప్పాడు. నేను "మొహమాటం" అన్నాను. మా భాషలో దానికి మాట ఉందండీ, మా వాళ్లు మూడోసారి అడిగితేగానీ కంచం ముందు కూర్చోరు అని చెప్తే, ఆ మాట నా చేత నాలుగుసార్లు అనిపించుకుని ఆయన కూడా "మొహమాతం, మొహమాతం" అంటూ నవ్వాడు.

నేనప్పుడు ఫ్యాన్ల సంగతి చెప్పాను. మొదటి ఏడాది జీతంలో మా ఊరి చర్చికి నాలుగు సీలింగ్ ఫ్యాన్లు ఇచ్చాను, ఒక్కో రెక్క మీద ఎర్ర పెయింటుతో మా నాన్న పేరు, కింద "జ్ఞాపకార్థం", దాని కింద కొంచెం చిన్నగా నా పేరు. చిన్నగా అన్నానే గానీ పెయింటర్‌కి ఫోన్‌లో అక్షరాల సైజు నేనే చెప్పాను. సబా గట్టిగా నవ్వాడు. "మా సినగాగ్‌కి రా, ప్రతి కుర్చీ వెనకా ఒక పేరు, ప్రతి ప్రార్థన పుస్తకం అట్ట మీద ఒక పేరు, మరుగుదొడ్డి మీద మాత్రం ఎవరూ వేయించుకోరు" అన్నాడు. తర్వాత అడిగాడు, "గాలి వస్తోందా?" వస్తోంది సబా. "అయితే రానీ."

వాళ్లలో ఎలూల్ అనే నెల ఉంటుంది, ఆగస్టు సెప్టెంబర్లలో వస్తుంది. కొత్త సంవత్సరానికీ యోమ్ కిప్పుర్‌కీ ముందు నెల. మనిషి తన లెక్క తాను చూసుకునే కాలం. దానికి హెష్బోన్ నెఫెష్ అంటారు, ఆత్మ లెక్క అని. చిత్రం ఏమిటంటే హోటల్లో బిల్లుకీ హెష్బోన్ అనే అంటారు. ఆ ఎలూల్‌లో నేనే అడిగాను, నన్నూ ఏదో ఒకటి చెయ్యమని చెప్పు అని. మా శ్రమకాలంలో 40 రోజులు ఉపవాసాలు ఉన్నవాణ్ని, ఇంకో నలభై కష్టమా అనే ధీమా. ఆయన చాలాసేపు ఆలోచించి చాలా చిన్న పని చెప్పాడు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు చేసిన మంచి పని ఒక్కటి తీసుకో. ఎవరి కోసం చేశావో చూడు. చెడ్డ పనుల జోలికి పోకు, అవి ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఏదీ మార్చకు, ఊరికే చూడు.

మొదటి రాత్రి ఎంత బాగా అనిపించిందో. సబా కాలి గోళ్లు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి జాగ్రత్తగా తీశాను ఆ రోజు. ఎవరి కోసం? సబా కోసం. కాసేపయ్యాక గుర్తొచ్చింది, రేపు గురువారం, వాళ్లమ్మాయి వస్తుంది, వచ్చీ రాగానే కాళ్లు చూస్తుంది. రెండో రాత్రి, అమ్మకి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. ఎవరి కోసం? పక్కింటి వాళ్లతో అమ్మ "మావాడు రోజూ చేస్తాడు" అని చెప్పుకోవడం నాకిష్టం. ఫెలోషిప్‌లో కానుక వేసేటప్పుడు యాభై నోటు మడవకుండా వేశాను. మా ఆవిడకి డబ్బు పంపి "వచ్చాయా" అని మూడుసార్లు అడిగాను. వచ్చాయని మొదటిసారే చెప్పింది, కానీ ఆ గొంతులో ఇంకేదో కావాలి నాకు. రసీదు కావాలి. ఒక్క పని లేదు రసీదు అడక్కుండా చేసింది.

ఇలా మూడు వారాలు. నిజం చెప్తున్నా, ఉపవాసం దీనికన్నా వెయ్యి రెట్లు నయం. ఉపవాసంలో ఆకలి ఉంటుంది గానీ లోపల ఎక్కడో ఒక చిన్న చప్పట్లు కూడా ఉంటాయి. ఇందులో ఆ చప్పట్లే దొరికిపోతాయి. ప్రార్థన చేసుకుందామని మోకరించినా, ఇది ఎవరి కోసం అని మొదలయ్యేది. ఒక రోజు సబాతో అనేశాను, నాలో అంతా దొంగ సరుకే ఉంది, ఇంక ఏ పనీ మనసుపెట్టి చెయ్యలేకపోతున్నాను అని. ఆయన దుప్పటి పక్కకి జరిపి కాళ్లు చూపించాడు. "అయితే గోళ్లు తీయడం మానేస్తావా?"

మానెయ్యకూడదనేది వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లోనే ఉందట. దేవుని మాట, దేవుని ఆజ్ఞలు తప్పుడు ఉద్దేశంతోనైనా సరే చేస్తూ ఉండు, చెయ్యగా చెయ్యగా అందులోంచే సరైన ఉద్దేశం వస్తుంది అని. తప్పుడు ఉద్దేశానికి వాళ్ల మాట "లో లిష్మా", సరైనదానికి "లిష్మా". కబాలా అంటే బయటి ఆచారాలు వదిలేసి లోపలికి వెళ్లిపోవడం అని కొందరు రాస్తుంటారు. నేను చూసినంతలో అది అబద్ధం. అష్లాగే నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించిన మనిషి. ఆయన కోపం ఎవరి మీదంటే, బయటిది చేసేసి పని అయిపోయింది అనుకునేవాళ్ల మీద. ఒకసారి నేను పాల చెంచా మాంసం గిన్నెలో పెట్టేసి, పెద్ద గొడవై, రబ్బీకి, అంటే వాళ్ల మతగురువుకి, ఫోన్లు చేసి, ఆ గిన్నె పక్కన పెట్టేశారు. సబాని అడిగాను, లోపలిది ముఖ్యం అంటావు, చెంచా కోసం ఇంత రాద్ధాంతమా అని. "చెంచా నాకు చేతనవుతుంది" అన్నాడు. "గుండె అరవై ఏళ్లుగా చేతకావట్లేదు. చేతనైంది కూడా వదిలేస్తే ఇంక నా దగ్గరేముంటుంది?"

యోమ్ కిప్పుర్ ముందు రోజు మధ్యాహ్నం నన్ను కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చోమన్నాడు. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పుని ఆ రోజు ఉపవాసం మాఫీ చెయ్యదు, ఆ మనిషిని బతిమాలుకున్నాకే, అని వాళ్ల పాత ధర్మశాస్త్రం మిష్నా చెప్తుంది. అందుకని ఆ వారమంతా ఊళ్లో అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటుంటారు. "ద్రాక్షారసం రాత్రి గుర్తుందా?" అన్నాడు. మర్చిపోయాను సబా అన్నాను. "ఇవాళ కూడా అబద్ధమా" అన్నాడు. తర్వాత చెప్పాడు, ఆ చట్టం మార్చడం నా చేతిలో లేదు, వచ్చే శుక్రవారం కూడా నువ్వు ఆ సీసా ముట్టుకోకూడదు. కానీ ఆ రాత్రి నేను సీసా వైపు చూశాను, నీ ముఖం వైపు చూడలేదు. అది చట్టంలో లేదు. అది నేను చేసింది.

ఆ చట్టం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు, ఎవరెన్ని కారణాలు చెప్పినా సింకు చప్పుడు సింకు చప్పుడే. కానీ ఆయన అలా అడుగుతుంటే నాకు ఫెలోషిప్‌లో పగిలిన సీసా గుర్తొచ్చింది, ఎప్పుడూ పగలని సీసా. నేనూ చెప్పేశాను, మీ అల్లుడు విసిరికొట్టాడని పది మందికి చెప్పాను అని. "పదేనా?" అన్నాడు.

అసలు కష్టం ఆ సాయంత్రం మొదలైంది. ఆ ఏడాది ఆయనకి కిడ్నీలు బాగాలేవు. డాక్టర్ నీళ్లు మానకూడదన్నాడు, వాళ్ల రబ్బీ కూడా ఖచ్చితంగా తాగాలన్నాడు. ప్రాణం మీదికొస్తే తాగడమే ధర్మం, తాగకపోవడమే తప్పు, ఇది వాళ్లకి మంచిచెడ్డల ప్రశ్న కాదు, రూలు. దానికీ కొలత ఉంది. ఒక్కసారికి దాదాపు 40 మిల్లీలీటర్ల లోపు, మధ్యలో తొమ్మిది నిమిషాలు ఆగాలి. అలా తాగితే ఉపవాసం పూర్తిగా తెగిన లెక్కలోకి రాదు. నేను మందు కొలిచే ప్లాస్టిక్ కప్పు తీసి 30 దగ్గర పెన్నుతో గీత పెట్టాను.

నేను కూడా ఆయనతో పాటు ఉపవాసం ఉంటానని చెప్పాను. ముందే వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టేశాను, తెల్లటి గుడ్డ, రెండు కొవ్వొత్తులు. సబా విసుక్కున్నాడు. "నువ్వు కళ్లు తిరిగి పడితే నాకు నీళ్లెవరు పోస్తారు? వెళ్లి తిను." తిన్నాను, వంటింట్లో నిలబడి, చల్లటి అన్నం, ఆవకాయ.

రాత్రి బాగానే గడిచింది. పొద్దున్న వీల్‌చైర్‌లో సినగాగ్‌కి తీసుకెళ్లాను. రోడ్డు మీద ఒక్క కారు లేదు, అందరూ తెల్లబట్టల్లో, తోలు చెప్పులు వేసుకోకూడదని మాసిన గుడ్డ బూట్లలో. మొదటి కప్పు అక్కడే ఇవ్వాలి. ఆయన మూతి బిగించేశాడు. చుట్టూ అందరూ ఆయన కన్నా చిన్నవాళ్లు, అందరూ ఉపవాసం. తొమ్మిది నిమిషాలయ్యాయి, పద్దెనిమిదయ్యాయి, తాగడు. రూలు తాగమంటోంది, రబ్బీ తాగమన్నాడు, లోపలిదే ముఖ్యం అని అరవై ఏళ్లు చదివిన మనిషి, పది మంది చూస్తున్నారని గుక్కెడు నీళ్లు తాగలేకపోతున్నాడు. అప్పుడే ముందు యెషయా గ్రంథం చదువుతున్నారు. ఆ రోజు పొద్దున్న చదివే భాగం అదే, 58వ అధ్యాయం. మా తెలుగు బైబిల్లో నాకు బాగా తెలిసిన భాగం కాబట్టి అక్కడో మాట ఇక్కడో మాట పట్టుకోగలిగాను. నాకు కావలసిన ఉపవాసం ఇదా, తల వంచుకుని గోనెపట్ట కట్టుకోవడమా, ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టడం కాదా అని దేవుడు నిలదీస్తాడు. ఉపవాసం రోజునే ఉపవాసాన్ని తిట్టే అధ్యాయం పెట్టుకున్నారు చూడండి, ఆ పెట్టినవాళ్లెవరో గట్టివాళ్లు.

నేను కప్పు ఆయన మూతి దగ్గర పెట్టి చెవిలో అన్నాను, "సబా, మొహమాటం."

ఆయన నా వైపు చూశాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అది ఏడుపో పార్కిన్సన్స్‌కి ఊరికే కారే నీళ్లో నాకు తెలీదు, రెండూ అయ్యుంటాయి. తాగాడు. సగం గడ్డం మీద కారింది. ఆ తర్వాత సాయంత్రం దాకా తొమ్మిది నిమిషాలకోసారి, కొంచెం అటూ ఇటూగా, నేను ఫోన్ తీయకుండా గోడ గడియారం చూస్తూ కప్పు ఇచ్చాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఆ రాత్రి మంచం మీద పడుకుని అలవాటుగా ఆ రోజు చేసిన మంచి పని వెతికాను, ఎవరి కోసం అని అడుగుదామని. అడిగేలోపే నిద్ర పట్టేసింది.

చీకటి పడ్డాక షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము, ఊదారు, ఇంటికొచ్చాం, కాఫీ అడిగాడు. ఏమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత కూతురితో అంటుంటే విన్నాను, "ఇన్నేళ్లూ ఉపవాసం ఎవరి కోసం ఉన్నానో మొన్న తెలిసింది, తెలియకపోయినా బాగుండేది" అని. కూతురు అర్థం కానట్టు నా వైపు చూస్తే నేను గిన్నెలు కడగడానికి వెళ్లిపోయాను, పాల సింకు వైపు.

తర్వాతి ఏడాది సెలవు మీద ఊరొచ్చినప్పుడు చర్చికి వెళ్లాను. ఫ్యాన్ల మీద పేర్లు చెరిపించేద్దామా అని మా ఆవిడతో అంటే, "ఇప్పుడు చెరిపిస్తే ఎందుకు చెరిపించారని ఊరంతా అడుగుతారు, అది ఇంకో గొప్ప, ఊరుకోండి" అంది. నిజమే. పేర్లు అలాగే ఉన్నాయి. ఫ్యాన్ తిరుగుతుంటే ఎలాగూ కనబడవు. వాక్యం మధ్యలో కరెంటు పోయినప్పుడు మాత్రం రెక్కలు నెమ్మదిగా ఆగుతాయి, ఉక్కకి అందరూ పైకి చూస్తారు, చదువుతారు.